తొమ్మిదో ఊరి జవాబు

ఎవరు ఎదురైనా ముందు కాళ్లు చూడటం రబ్బీ సెండర్ అలవాటు. మొహం సంగతి తర్వాత. లెకెవ్ పట్నంలో మేకకైనా మేయరుకైనా ఇదే మర్యాద.

తప్పు ఆయనది కాదు, యూదుల ధర్మగ్రంథం తోరాది. గిట్ట రెండుగా చీలి ఉండాలి, జంతువు నెమరు వేయాలి. రెండు గుర్తులూ ఉంటేనే అది కోషర్, అంటే తినదగినది. ఒంటెకి నెమరుంది, చీలిక లేదు. పందికి చీలికుంది, నెమరు లేదు. నలభై ఏళ్లుగా ఈ నాలుగు ముక్కల మీదే కూర్చున్న మనిషికి లోకమంతా గిట్టల్లా కనబడటంలో వింతేముంది?

ఆయన కూతురికి ఒకసారి పెళ్లిళ్ల పేరయ్య సంబంధం తెచ్చాడు.

“కుర్రాడి బూట్లు చూడండి రబ్బీగారూ, వియన్నావి!”

“చూశాను. పంది కూడా నా గిట్టలు చూడండహో అని కాళ్లు చాపుకునే పడుకుంటుంది. లోపలి గుర్తు మాట చెప్పు.”

సంబంధం అక్కడితో సరి.

ఈ అలవాటుతో అందరికన్నా వేగిపోయినవాడు యోఖెల్. శాస్త్రప్రకారం ఊరి కోళ్లనీ మేకలనీ కోసేది అతనే. ఒకసారి ఒక చేపకి పొలుసులు కనబడలేదు; పొలుసుల్లేని చేప కోషర్ కాదు. ఒడ్డుకొస్తూ రాల్చేసిందేమోనని రబ్బీ వల తెప్పించి మధ్యాహ్నమంతా యోఖెల్ చేత దులిపించాడు. చివరికి ఒక్క పొలుసు దొరికింది. అప్పటికి చేప కంపు కొడుతోంది.

“తినొచ్చు!” అన్నాడు రబ్బీ సంబరంగా.

“మీరే తినండి,” అన్నాడు యోఖెల్.

ఆ చలికాలంలోనే కలప వ్యాపారి కోపెల్ తన కూతురి పెళ్లి విందుకి, తన ఇంట్లో ఓ గదిలో ఉండే వితంతువు త్రైనా బాతు మీద కన్నేశాడు. మొహమంతా ఎర్రటి కాయలున్న వింత బాతు అది. త్రైనా మొగుడు చనిపోయే ముందు ఒడెస్సా సంత నుంచి తెచ్చాడు. ఇప్పుడు ఆమె ఎక్కడికెళ్తే అదీ అక్కడికే.

“నా ఇంట్లోనే కదా ఉంటున్నావు త్రైనా, ఒక్క బాతు ఇవ్వలేవూ?” అన్నాడు కోపెల్.

ఇవ్వనంటే మంచులో గది ఖాళీ చేయాలి. ఇచ్చేస్తే ఇంట్లో పలకరించడానికి మరో ప్రాణి ఉండదు.

“రబ్బీగారు తినొచ్చంటే తీసుకోండి బాబూ,” అంది త్రైనా.

యోఖెల్ కత్తి నూరుకుని వచ్చి నిలబడ్డాడు. రబ్బీ వంగి, బాతు కాళ్లు చూశాడు. తర్వాత త్రైనా కాళ్లు చూశాడు. మళ్లీ బాతు కాళ్లు చూశాడు.

“పక్షులకి గుర్తులొక్కటే చాలవు. మన పెద్దలు తిన్నారని సాక్ష్యం కావాలి. తొమ్మిది ఊళ్లకి రాస్తాను. అన్ని జవాబులూ వచ్చేదాకా దీని ఈక కదలకూడదు. కాపలా త్రైనాదే.”

“పెళ్లి గురువారం!” అని కోపెల్ లబోదిబోమన్నాడు.

“అయితే చేప వండించు. పొలుసులు నేను చూస్తాలే.”

పెళ్లయింది. కోపెల్‌కి మనవడు పుట్టాడు, వాడికి పళ్లూ వచ్చాయి. బాతు సంగతి మాత్రం తేలలేదు. రబ్బీగారి ఉత్తరాలు ఒంటె మీద వెళ్తున్నాయని ఊరంతా నవ్వుకుంది.

మూడో ఏడు, ఆచారం ప్రకారం రబ్బీకి కత్తి పదును చూపించడానికి వచ్చిన యోఖెల్, ఆయన అడిగాడని అలమరలోంచి ఒక పుస్తకం తీశాడు. అందులోంచి ఎనిమిది ఉత్తరాలు జారిపడ్డాయి. అన్నిట్లో ఒకటే మాట: మా తాతల నాటి నుంచీ తింటున్నాం, నిక్షేపంగా తినొచ్చు. అన్నీ పెళ్లినాటివే.

“ఇదేమిటి రబ్బీగారూ!”

“తొమ్మిదోది రావాలిగా?”

“ఏ ఊరి నుంచి?”

“ఇంకా అనుకోలేదు. ఉత్తరం రాస్తే కదా!”

యోఖెల్‌కి ఒళ్లు మండింది. “ఒక్క బాతు సంగతి తేల్చలేడని ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వుతోందండీ!”

“నవ్వనీ. ఆ రోజు నువ్వు కత్తి చూసుకుంటున్నావు. కోపెల్ బాతు బరువు చూస్తున్నాడు. కాళ్లు చూసింది నేనొక్కణ్ణే. బాతు కాళ్లకి పచ్చ ఉన్ని మేజోళ్లు. ఆవిడ మొగుడు రోజూ ప్రార్థనకి చుట్టుకొచ్చే మఫ్లరు విప్పి అల్లినవి. ఆవిడ కాళ్లకేమో గోనె పీలికలు. ఇంతకన్నా గుర్తేం కావాలిరా నీకు?”

ఇన్నాళ్లూ ఆయన మీద పెంచుకున్న విసుగుకి యోఖెల్‌కి సిగ్గేసింది. ఉత్తరాలు ఏరి పుస్తకంలో దోపి, ఆ పుస్తకాన్ని అలమర అడుగున పెట్టాడు.

వీధిలో కోపెల్ ఎదురయ్యాడు. “ఏమయ్యా, మనవడి పుట్టినరోజుకైనా ఆ బాతు సంగతి తేలుతుందా?”

యోఖెల్ ముందు అతని బూట్లు చూశాడు. తళతళలాడుతున్నాయి.

“తొమ్మిదో ఊరి జవాబు రావాలండీ.”

“ఎంత దూరమయ్యా ఆ ఊరు?”

“చాలా దూరం. మీరు ఈసారీ చేపే వండించుకోండి.”

ఎదురుగా మంచులో త్రైనా వస్తోంది, వెనకే బాతు. ఈ ఏడు ఇద్దరి కాళ్లకీ మేజోళ్లున్నాయి. త్రైనావి రబ్బీ భార్య అల్లినవి.