రెండోసారి అడిగిన ప్రశ్న

సన్నీవేల్‌లో గిరిజని ఎరిగినవాళ్లంతా ఒకటే అడిగారు. "నలభై నాలుగేళ్లకి నర్సింగేంటండీ, హాయిగా ఇంట్లో ఉండక?" పదిహేనేళ్లు డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని, ఆ హాయి ఏపాటిదో రుచి చూసిన మనిషి ఆమె. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన నెలలోనే కాలేజీలో చేరింది. క్లాసులో పక్కనున్నవాళ్లు కూతురి ఈడు పిల్లలు. మొదటి ఏడాది ఒక మందు ఇచ్చేముందు ఇంకో నర్సుకి చూపించడం మర్చిపోయి దొరికిపోయింది. ఇంకొక్క తప్పు జరిగితే సీటు పోతుందని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు.

రెండో ఏడాది ఎవరికి నచ్చిన విభాగం వాళ్లు ఎంచుకోవచ్చు. పిల్లలంతా ఎమర్జెన్సీకి ఎగబడ్డారు. గిరిజ పసిఫిక్ దీవుల ప్రజల ఆరోగ్యం తీసుకుంది. అరగంట దూరంలో టోంగా, సమోవాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో షుగరు, దాని వెనకాలే కిడ్నీ జబ్బు. షుగరంటే మన ఇంటి జబ్బే కదా, నాకు తెలియనిదేముందనుకుంది. వాళ్ల క్లినిక్‌లో అడుగుపెట్టిన మొదటి వారమే పుట్టింటికి వెళ్లినట్టయింది. పెద్దాయన ఒక్కడికి ఒంట్లో బాగోకపోతే వెంట ఆరుగురు వస్తారు. పెట్టింది తినకపోతే చిన్నబుచ్చుకుంటారు. పెద్దవాళ్ల ముందు గొంతెత్తరు. "అచ్చం మనవాళ్లేనండీ," అని భర్త దివాకర్‌కి రోజూ చెప్పేది. ఆ మాటే కొంప ముంచింది.

ఆ మంగళవారం పొద్దున తేవితా అనే పెద్దాయన రక్తపరీక్షకి ఏమీ తినకుండా వచ్చాడు. అరవై ఆరేళ్లు. తలుపు నిండే విగ్రహం, దానికి తగని చిన్న గొంతు. వారానికి మూడు రోజులు డయాలిసిస్, కిడ్నీ మార్పిడి కోసం మూడేళ్లుగా లిస్టులో ఎదురుచూపు. కూతురు లూపె ఆయన్ని గుమ్మం దగ్గర దింపి, రెండు గంటల్లో వస్తానని పనికి వెళ్లింది.

గిరిజ వేలు గుచ్చి చూసింది. షుగర్ మూడొందల పన్నెండు.

"పొద్దున ఇన్సులిన్ తీసుకున్నారా?"

తేవితా ఆమె వంక చూసి, రెండు కనుబొమ్మలూ పైకెత్తి దించాడు. నోరు మెదపలేదు.

గిరిజ ఇంట్లో కనుబొమ్మలు ఎగరేస్తే ఒకటే అర్థం. మామగారు టీవీ ముందు కూర్చుని అలా ఎగరేశారంటే "ఏంటమ్మా, ఏమన్నావు?" అని. ఆమె మళ్లీ చెప్పేది. ఇక్కడా అలాగే, కాస్త గట్టిగా, మాట మాట విడదీసి మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ కనుబొమ్మలెత్తాడు. మూడోసారి పొట్టలో సూది గుచ్చుకున్నట్టు అభినయం కూడా చేసి చూపించింది. ఆయన మరోసారి కనుబొమ్మలెత్తి, ఇక తల దించుకున్నాడు. పాపం, మర్చిపోయి ఉంటాడు, చెప్పడానికి మొహమాటం, మన పెద్దవాళ్లూ ఇంతే, అనుకుంది గిరిజ.

పక్క టేబుల్ దగ్గరున్న సూపర్‌వైజర్ బ్రెండాతో "తీసుకోలేదట" అని చెప్పింది. ఈసారి రూలు తప్పలేదు. సిరంజిలో డోసు బ్రెండాకి రెండుసార్లు చూపించి మరీ ఇచ్చింది.

రెండు గంటలు కావస్తుండగా బయట కుర్చీలోంచి ఏదో జారిన చప్పుడైంది. తేవితా నేల మీద ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. షుగర్ ముప్పై నాలుగు. బ్రెండా గ్లూకోజ్ ఎక్కిస్తోంది, ఎవరో అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నారు, సరిగ్గా అప్పుడే లూపె లోపలికొచ్చింది.

"ఏం ఇచ్చారు?"

"ఇన్సులిన్," అంది గిరిజ.

"ఏడింటికి నా చేత్తో నేనే ఇచ్చాను! ఆయన్ని అడగలేదా?"

"మూడుసార్లు అడిగాను. ఏమీ చెప్పలేదు."

"ఏమీ చెప్పకపోవడమేంటి? ఏం చేశారు?"

గిరిజ తన కనుబొమ్మలు పైకెత్తి దించి చూపించింది.

లూపె ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అది ఔనని! మా వాళ్లలో అదే ఔను!"

మూడుసార్లు ఔనన్నాడు మనిషి. నాలుగోసారి అనే ఓపిక లేక తల దించుకున్నాడు. గిరిజ గోడకి ఆనుకుని నిలబడింది.

తేవితా చావలేదు. రెండు రోజులు ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆ రెండు రోజులూ గిరిజ తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు.

బుధవారం బ్రెండా రిపోర్టు ముందు పెట్టుకుని పిలిచింది. చెడ్డ మనిషి కాదు. "పేషెంట్ చెప్పేది నమ్మదగింది కాదని రాద్దాం. నువ్వు మూడుసార్లు అడిగావు, నా చెవులతో విన్నాను. నీ సీటుకి ఢోకా ఉండదు."

బతికిపోయాననుకుంది గిరిజ. ఆ ఆశ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఐసీయూ బయట లూపె కనిపించి, కోపమంతా అయిపోయిన గొంతుతో చెప్పింది. "మార్పిడి వాళ్లు ఫోన్ చేశారు. నాన్న తన మందులు తను సరిగ్గా చూసుకోగలడా అని అడుగుతున్నారు. నమ్మలేం అని ఫైల్లో పడితే లిస్టులోంచి తీసేస్తారు. మూడేళ్లలో ఒక్క డోసు తప్పలేదు ఆయన."

ఇంటికొచ్చి దివాకర్‌కి చెప్పింది.

"నువ్వు అబద్ధమేం చెప్పట్లేదుగా గిరీ," అన్నాడు దివాకర్. "ఆయన నోరు తెరిచి చెప్పలేదు, అంతే కదా. పోయేది నీ కెరీర్. ప్లీజ్, కదపకు. అలా వదిలెయ్."

"చెప్పాడండీ. మూడుసార్లు చెప్పాడు. అర్థం కానిది నాకు."

"నువ్వు సీటు పోగొట్టుకుంటే ఆయనకి కిడ్నీ వస్తుందని గ్యారంటీ ఉందా?"

లేదు. అదే ఆమెని చంపుతోంది. మింగలేక కక్కలేక వంటగదిలో నిలబడి ఏడ్చింది. సీటు కావాలి ఆమెకి. ఆ యూనిఫాం, ఆ పేరు, తనదంటూ ఒక పని ఎంత కావాలో ఎవరికీ చెప్పుకోలేదు. ఆ ముసలాయన ఎవరు, నాకేమవుతాడని ఒక్క క్షణం అనుకుంది కూడా. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం రిపోర్టులో తన చేత్తో రాసింది. "ఇన్సులిన్ తీసుకున్నానని పేషెంట్ మూడుసార్లు స్పష్టంగా చెప్పారు. వారి సైగ నాకు తెలియలేదు. తెలిసిన వాళ్లని అడగలేదు. తప్పు నాది."

శుక్రవారం కాలేజీలో మీటింగు తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. చాలా మర్యాదగా సీటు తీసేశారు. బ్రెండా తలెత్తలేదు.

అక్కణ్నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది. యూనిఫాం లేదు, చొక్కా మీద విజిటర్ స్టిక్కరు. తేవితా వార్డులోకి మారాడు, దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. లిస్టు సంగతి ఇంకా తేలలేదని, ఆ కాగితం వాళ్లు చదివారో లేదో కూడా తెలియదని లూపె చెప్పింది.

గిరిజ మంచం పక్కన నిలబడి, తను రాసింది చెప్పింది. తేవితా విన్నాడు. వెళ్లబోతూ, దారంతా మనసులో తిరిగిన మాట అడిగేసింది.

"నా మీద మీకు కోపంగా ఉందా?"

తేవితా ఆమెని సూటిగా చూసి, కనుబొమ్మలు రెండూ పైకెత్తి దించాడు.

ఈసారి గిరిజ రెండోసారి అడగలేదు.