నలభై నిండేదాకా

సత్రంలో కంప్యూటరు చూసే పరంధామయ్యకు ఒకచోట కుదురుగా కూర్చునే రాత లేదు. టైపిస్టుగా చేరి, మద్రాసులో ఆరు వారాలు నేర్చుకొచ్చి, తిరుపతి స్టేషను దగ్గరి ఆ సత్రంలో గదులిచ్చే పని మిషనుకు అప్పగించిన మనిషి. ఎనభై ఆరులో జనానికదో వింత, ఆయనకు మాత్రం ప్రాణసంకటం.

గది ఎవరికిచ్చినా చేతికో నంబరు చీటీ ఇస్తారు, మిషను ఆ వివరం టేపుమీద రాసుకుంటుంది. కరెంటు పోయి వస్తే ఆ టేపు చదివే ఏ గది ఎవరిదో మళ్లీ తెలుసుకుంటుంది. అయితే ఒక్కొక్కటిగా రాయదు, మూటగట్టి రాస్తుంది. ఆ మూట పేరు బ్లాకు. మూట నిండేదాకా లోపలున్నవన్నీ గాలిలో దీపాలే. చిన్న మూటైతే టేపు మాటిమాటికీ ఆగి కదలాలి, క్యూ రోడ్డెక్కుతుంది. పెద్ద మూటైతే క్యూ పరుగెత్తుతుంది గానీ, కరెంటు పోయిందా, అంతే సంగతులు. మన కరెంటు గురించి వేరే చెప్పాలా?

మూటకు ఐదు గదులు పెట్టాడు, పది పెట్టాడు, మళ్లీ ఐదుకొచ్చాడు. టీ కూడా నిలబడే తాగాడు. చివరకు మేనేజరు గోవిందస్వామి విసుక్కున్నాడు.

"ఏమప్పా, జనం ఎండలో మాడతా ఉండారు. నలభై పెట్టి పారెయ్."

పెట్టేశాడు. క్యూ చకచకా కదులుతుంటే లోలోపల మురిసిపోయాడు కూడా, దాచడమెందుకు.

మూడో రోజు పొద్దున కరెంటు పోయింది. అక్కడే ఉండి కాచుకోవాల్సినవాడు, ఉండబట్టలేక సైకిలెక్కి కరెంటాఫీసుకు పోట్లాటకు పోయాడు. తిరిగొచ్చేసరికి కరెంటూ వచ్చింది, క్యూ కూడా కదులుతోంది. ఇచ్చిన చీటీల నంబర్లతో టేపును పోల్చి చూశాడు. ముప్పై ఒకటి లేవు. ఆ గదులన్నీ మళ్లీ ఇంకొకరికి ఇచ్చేశారు. మొదట చీటీ తీసుకున్నవాళ్లు అప్పటికే కొండెక్కారు; సాయంత్రం దిగొచ్చి తాళాలడుగుతారు.

సాయంత్రం గేటు దగ్గరే తచ్చాడాడు. చీటీలతో వచ్చిన ముప్పై కుటుంబాలను కాళ్లావేళ్లా పడి పక్క సత్రాల్లో సర్దాడు. చివరగా పాకాల నుంచి వచ్చిన కుప్పమ్మ, చంటిబిడ్డతో ఉన్న కూతురును వెంటబెట్టుకుని కౌంటరు ముందు నిలబడింది. కొంగున కట్టుకున్న చీటీ కొండమీద స్నానంలో తడిసి ముద్దయిపోయింది.

కౌంటరులోని మునిరత్నమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఈమెను నేను పొద్దున సూడలేదు సార్."

ఎలా గుర్తుపడుతుంది? పొద్దున నడుందాకా జుట్టున్న మనిషి, ఇప్పుడు నున్నటి గుండుతో ఉంది.

"అబద్ధం చెప్పి గది అడిగేదాన్నా నేను?" కుప్పమ్మ ఆ ముద్దనే కౌంటరుమీద పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను దొంగను చూసినట్టు చూస్తున్నారు. పరంధామయ్యకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"ఈమె వచ్చింది. తప్పు నాది," అన్నాడు అందరూ వినేట్టు. "పోయినవి ముప్పై ఒకటి, ముప్పై మంది వచ్చినారు. మిగిలింది ఈమే. అమ్మా, మా ఇంటికి పోదాం రండి."

పోయేముందు లోపలికెళ్లి బ్లాకును ఒకటికి దించాడు. గోవిందస్వామి వెనకే వచ్చాడు.

"రేపు క్యూ రోడ్డెక్కితే నీ ఉద్యోగం ఉండదప్పా."

"పోనీ సార్," అన్నాడు పరంధామయ్య. "వచ్చిన మనిషిని రాలేదని ఇంకోసారి అనిపించలేను."