దూరాన్ని లెక్కలోకి తెచ్చినందుకు

మా హెచ్.ఓ.డి. గారు నా కాగితాల్లో మొదటి పేజీ దాటకుండానే పెన్నుకు మూత పెట్టేశారు. నా ఎం.ఫిల్.కు గైడు కూడా ఆయనే.

"ఎందుకమ్మా ఈ తలనొప్పి? నీకు ముందు చదివినవాళ్లంతా పాత పద్ధతిలోనే రాసి బయటపడ్డారు. నువ్వూ అట్లాగే రాసెయ్" అన్నారు తమిళంలో.

అప్పుడు నేను పుదుచ్చేరిలో ఒక కాలేజీలో గణితం చదువుతున్నాను. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్న కాలం. నేను ఎంచుకున్న విషయం తీగల్లేని నెట్‌వర్కులు. చిన్న చిన్న రేడియో పెట్టెల్ని ఊరంతా చల్లితే, ఒకదాని మాట మరొకటి అందుకుంటూ వార్త ఈ చివర నుంచి ఆ చివరకు చేరుతుందా లేదా అన్నది ప్రశ్న. పాత పద్ధతి ప్రకారం ప్రతి పెట్టె ఒక చుక్క. ఏ రెండు చుక్కల్ని తీసుకున్నా ఒక నాణెం ఎగరెయ్యాలి. బొమ్మ పడితే గీత కలపాలి, బొరుసు పడితే వదిలెయ్యాలి.

నాకు మింగుడుపడనిది అదే. సముద్రం ఒడ్డున, ఫ్రెంచివాళ్ల కాలపు ఇళ్లున్న వైట్ టౌన్‌లో ఒక కిటికీ మీద ఉన్న రేడియోకు పక్క కిటికీలోని రేడియో వినబడే అవకాశం ఎంతో, ఎక్కడో ఊరి అటు చివర రెడ్డియార్‌పాళయంలో మా మేడ మీద ఉన్నది వినబడే అవకాశమూ అంతేనట! నేను రాయాలనుకున్నది వేరు. చుక్కలు ఎక్కడ పడతాయో అదృష్టానికే వదిలెయ్యాలి. గీత మాత్రం దూరాన్ని బట్టే కలపాలి. దీన్ని యాదృచ్ఛిక జ్యామితీయ గ్రాఫ్ అంటారు. నేను కనిపెట్టిందేమీ కాదు. బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని వ్యాసాలు దింపుకుని చదివాను. మా శాఖలో ఎవరూ దాని జోలికి పోలేదు, అంతే.

"రేడియోలు ఎలక్ట్రానిక్స్ వాళ్ల పని. ఆడపిల్లవి, త్వరగా ముగించుకుని పో" అన్నారాయన.

కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఆ వారం నుంచి కంప్యూటర్ ల్యాబ్ జాబితాలో నా పేరు కనబడలేదు. సరే, కంప్యూటర్ చేత చుక్కలు చల్లించే పని చేత్తోనే చేస్తానని ఇంట్లో హాలు నేల మీద తెల్ల చార్టు పరిచి పెసలు చల్లాను. అవి ముగ్గు చుక్కల్లా చక్కగా సర్దుకుని పడ్డాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే ఖాళీలు చూసి నింపుతోంది. అమ్మను పిలిచాను.

"ఏంది ఇది? వడకు పెట్టుకున్న పెసలు యాడ పోసినావు?"

"చల్లాలమ్మా. నేను చల్లితే నా చెయ్యి సర్దేస్తా ఉండాది. నువ్వు చల్లు."

"ఎట్ల చల్లేది?"

"చుమ్మా, ఊరికే చల్లు. దేన్నీ చూడొద్దు."

అమ్మ కిటికీ వైపు చూస్తూ గుప్పెడు విసిరింది. ఒకచోట గుంపు, ఒకచోట బయలు. నాకు కావలసింది అదే. పెసలు పడినచోటల్లా పెన్సిల్ చుక్క పెట్టాను. నా చిన్నప్పటి గాజు, ఇప్పటి గాజు, కాఫీపొడి డబ్బా మూత, వీటి కొలతతో, రేడియో వినబడే మేర అంతేననుకుని, ఒక్కో చుక్క చుట్టూ వృత్తం గీసి, లోపల పడిన చుక్కల్ని గీతలతో కలిపాను. చిన్న గాజుతో అన్నీ విడివిడి దీవులు. పెద్ద గాజుతో దీవులు కలవసాగాయి. డబ్బా మూతతో చార్టంతా ఒక్కటైంది, మూలనున్న ఒక్క చుక్క తప్ప. అమ్మ దాని మీద వేలు పెట్టింది.

"ఇది ఒంటిగా ఉండాదే. దీనికి ఎవురూ లేరా?"

చుక్కలు చాలా ఉన్నప్పుడు నెట్‌వర్క్‌కు చివరి అడ్డంకి సాధారణంగా అలాంటి ఒంటరి చుక్కే. దానికి తోడు దొరికితే మొత్తం కలిసిపోయినట్టే. వ్యాసాల్లో పేజీలకొద్దీ నిరూపించిన మాటను తెలుగు గాని తమిళం గాని చదవడం రాని మా అమ్మ వేలితో చూపించింది. ఒక్క చార్టుతో ఏదీ రుజువు కాదు. అందుకే ఆ వేసవి పొద్దులన్నీ అమ్మ చల్లింది, నేను గీశాను.

ఎలక్ట్రానిక్స్ శాఖలో ఒక లెక్చరరమ్మ కొన్ని రేడియో పెట్టెలు అరువిచ్చింది. వాటిని వైట్ టౌన్ వీధుల్లో, ఇళ్లవాళ్ల అనుమతితో, కిటికీల మీద పెట్టాను. అక్కడ నా వృత్తం పగిలిపోయింది. తిన్నని వీధిలో చాలా దూరం వినబడిన రేడియో, మలుపు తిరిగితే ఆ లావుపాటి పాత గోడల వెనక పది అడుగులకే మూగబోయింది.

"ఇది రాస్తే మీ సార్ చేతికి నువ్వే కర్ర ఇచ్చినట్టు" అంది లెక్చరరమ్మ.

రాశాను.

సెమినార్ రోజు ఆయన ఆ కర్రే ఎత్తారు. "నీ వృత్తం గోడ దగ్గరే పగిలింది. ఇంక నా పద్ధతి కంటే నీది ఏం మెరుగు?"

"నాదీ తప్పే సార్. ఎక్కడ తప్పో, ఏ గోడ దగ్గర తప్పో చూపించాను. మీది ఎక్కడ తప్పో ఎవరూ చూడలేదు." ఏ రేడియోకు ఏది వినబడిందో రాసుకున్న పట్టికను బోర్డు మీద రాశాను. ఒక రేడియోను వినగలిగిన రెండు రేడియోలు చాలాసార్లు ఒకదాన్నొకటి విన్నాయి. "నాకు పొరుగువాళ్లయిన ఇద్దరు తమలో తాము కూడా పొరుగువాళ్లయ్యే అవకాశం ఎక్కువ. మీ నాణేనికి ఆ సంగతి తెలీదు సార్."

వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆయన లేచి, తాను గైడుగా ఉండనన్నారు. గైడును మార్చమని అక్కడే అర్జీ రాసి ఆయన చేతికే ఇచ్చాను.

దానికి ఒక ఏడాది పోయింది. నాతో చదివినవాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయారు. నెల్లితోపు నుంచి మా అత్త వచ్చినప్పుడల్లా అదే మాట. "ఆయన చెప్పినట్ల రాసుంటే ఈ పాటికి ముగిసుండును గదా!"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "తప్పని తెలిసీ రాయమంటావా వదినా? యాడ నేర్చుకున్యావు ఆ బుద్ధి?" అత్త కాఫీ సగంలో ఆపేసి లేచి వెళ్లిపోయింది. రెండు నెలలు మా గడప తొక్కలేదు.

మా శాఖలో ఇంకో సార్ గైడుగా, ఎలక్ట్రానిక్స్ లెక్చరరమ్మ సహగైడుగా ఒప్పుకున్నాక పని ముగిసింది. చివరి మౌఖిక పరీక్షకు హెచ్.ఓ.డి. గారు వచ్చి మూడో వరుసలో కూర్చున్నారు. అంతా అయ్యాక వరండాలో ఎదురుపడ్డారు.

"పాత పద్ధతికి విలువ లేదనుకోకు" అన్నారు.

"ఉంది సార్. రేడియోలకు కాదు" అన్నాను.

ఆయన తలాడించారో, విదిల్చారో నాకు అర్థం కాలేదు. మెట్లు దిగి వెళ్లిపోయారు.