మా తమ్ముడి ఒంటి వాసన

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. అమావాస్య మర్నాడు మా బీరంగూడ సందు మలుపులో దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయ కనిపిస్తే అందరూ చుట్టూ తిరిగి పోతారు. నేను కాలితో పక్కకు నెట్టి నా దారిన పోతాను. అంగన్‌వాడీలో పిల్లల్ని చూసుకునేదాన్ని. జ్వరం వచ్చిన పిల్లకు మందు వేయకుండా తాయెత్తు కట్టించుకొచ్చిన తల్లుల్ని నేను తిట్టినన్ని తిట్లు ఇంకెవరూ తిట్టి ఉండరు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ‘ఈమెకు ఇలాంటివి అలవాటేలే’ అని ఎవరూ అనుకోకూడదని.

మా తమ్ముడు నర్సింలు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. వాడి బ్లాకులో తయారయ్యే సరుకుకు ఒక వాసన ఉండేది. కుళ్ళిన వెల్లుల్లిలో వెంట్రుకలు కాల్చి కలిపితే ఎలా ఉంటుందో అలా. అందులో పనిచేసేవాళ్ల ఒంటికి అది పట్టేస్తుంది, ఒక పట్టాన పోదు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లు మూతి తిప్పుకుంటున్నారని, గుమ్మడిదల దగ్గర మా పుట్టినూరి నుంచి అంత దూరమూ బండి మీదే పోయి వచ్చేవాడు.

డ్యూటీ నుంచి రాగానే వాడు ఇంట్లోకి అడుగుపెట్టేవాడు కాదు. పెరట్లో బట్టలుతికే బండ దగ్గర యూనిఫాం విప్పేసి, బట్టల సబ్బుతోనే ఒళ్లంతా రుద్దుకునేవాడు. వాడి కూతురు శ్రావణికి ఒక అలవాటు. వాసన తగలగానే బకెట్, సబ్బు తీసుకెళ్లి బండ మీద పెట్టేది. బండి చప్పుడు కన్నా ముందు దానికి వాసనే తెలుస్తుందని మా అమ్మ నవ్వేది.

పోయిన ఏడాది వానాకాలం చివర్లో డ్యూటీకి పోతున్నవాణ్ణి రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో టిప్పర్ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. మొదట అందరం యాక్సిడెంటే అనుకున్నాం. తర్వాత పోలీసులు అక్కడొక షాపు కెమెరా తీయించి చూశారు. ఆ టిప్పర్ చాలాసేపు రోడ్డు పక్కన ఆగి ఉందట. మిగతా బండ్లన్నిటినీ పోనిచ్చి, మావాడి బండి వచ్చాకే కదిలిందట. నంబరు ప్లేటు నిండా మట్టి పూసి ఉంది. ఎవరో డబ్బిచ్చి చేయించినట్టుంది, సుపారీ కావచ్చు అని ఎస్సై అన్నాడు. నడిపినవాడు ఇప్పటికీ దొరకలేదు, చేయించినవాళ్లెవరో తేలలేదు.

ఆ ఒక్క మాట బయటికి పొక్కిన రోజు నుంచి మా వాళ్లందరూ పోలీసులైపోయారు. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా ఒక లెక్క ఉండేది. మా వాగులో కంపెనీ మురికి నీళ్లు వదిలిపోయే ట్యాంకర్లను నర్సింలు ఒకసారి ఊరివాళ్లతో కలిసి ఆపాడు కాబట్టి వాళ్ల పనే అని కొందరు. యూనియన్ గొడవని కొందరు. రోడ్డు పక్కన మాకున్న పొలం చెక్క మీద ఎవరికో కన్ను పడిందని కొందరు. చనిపోయినవాడి ఫోటో ముందు కూర్చుని అంత హుషారుగా ఎలా మాట్లాడతారో నాకు అర్థమయ్యేది కాదు. ఒళ్లు మండిపోయేది.

ఇవేవీ ఎక్కువసేపు నిలిచేవి కావు. టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి మాట సునీత మీదికి వచ్చేది. సునీత అంటే నర్సింలు భార్య, నా మరదలు. వెనక గదిలో కిరాయికి ఉండే ఒడిశా సూపర్‌వైజరుతో నవ్వుతూ మాట్లాడిందట. మొగుడి పేరు మీద ఇన్సూరెన్సు ఉందట. ఏడిస్తే నాటకమన్నారు, ఏడవకపోతే గుండె రాయి అన్నారు.

అందరికన్నా గట్టిగా మాట్లాడింది మా ఆయన యాదగిరి. ఆయనది ప్లాట్లు అమ్మిపెట్టే పని, నలుగురితో పరిచయాలున్నాయి. నర్సింలు పోయాక మా పుట్టింట్లో మగదిక్కు లేదు కనుక స్టేషన్‌కు తిరగడం, వకీలుతో మాట్లాడటం అన్నీ ఆయనే చూశాడు. రోజూ ఒక కొత్త సంగతి మోసుకొచ్చేవాడు. సొంత బామ్మర్ది కోసం ఇంత తాపత్రయపడుతున్నాడని నేను మనసులో దండం పెట్టుకునేదాన్ని.

ఈ మాటలన్నీ చెవిన పడీ పడీ మా అమ్మ సునీత చేతి కూడు తినడం మానేసింది. కంపెనీవాళ్లు సునీతకు ప్యాకింగులో ఉద్యోగం ఇస్తామన్నారు. మావాళ్లు మాత్రం ఆమెను పుట్టింటికి పంపేసి, శ్రావణిని మా దగ్గరే ఉంచుకోవాలనే దాకా వచ్చారు. తండ్రి పోయిన పిల్లను తల్లి నుంచి కూడా విడదీసేటట్టు ఉన్నారు. నేను అడ్డం పడితే, నీకేం తెలుసు అని నా నోరు మూయించారు.

దినాలు అయిపోయిన తర్వాత, ఒక మధ్యాహ్నం మా పుట్టింట్లో మొదటిసారి అది జరిగింది. వరండాలో ఏడెనిమిది మందిమి ఉన్నాం. మా పెద్దమ్మ సునీత నడవడిక గురించి ఏదో అంది. ఆ మాట పూర్తవుతుండగానే గుప్పున వాసన కొట్టింది. వెల్లుల్లి, కాలిన వెంట్రుకలు. మా అమ్మ గబుక్కున లేచి నిలబడింది.

నేను కంపెనీల గాలి ఇటు తిరిగిందనుకున్నాను. మా ప్రాంతంలో అదేమీ వింత కాదు, చలికాలమైతే కిటికీలు మూసుకునే పడుకుంటాం. కానీ వాకిట్లోకి పోయి చూస్తే ఏమీ లేదు. రోడ్డు మీద లేదు, పక్కింట్లో లేదు. వరండాలోకి వస్తే కళ్లు మండుతున్నాయి. కాసేపటికి దానంతటదే పోయింది.

తర్వాత కూడా వచ్చింది, చాలాసార్లు. నేను ఊరుకునే మనిషిని కాదు. మురుగు పోయే మోరీ కడిగించాను. అటక మీద ఎలుక చచ్చిందేమోనని సామానంతా దింపించాను. సిలిండరు మార్పించాను. వాడి యూనిఫాంలు ఏవైనా మిగిలాయా అని వెతికాను. ఒంటి మీదిది వాడితోనే పోయింది, మిగతావి దినాల్లోనే ఇచ్చేశారు. చివరికి వాడితో పనిచేసిన శేఖర్‌కు ఫోన్ చేశాను. ఆ బ్లాకు రిపేర్ల కోసం మూసేశారని అతను చెప్పాడు.

“ఆ మాల్ తీసుడు బందై శానా దినాలైందక్కా. ఇప్పుడు మా ఒంటి మీదనే లేదు ఆ వాసన. మీ ఇంట్ల ఎట్లొస్తది?” అన్నాడు.

ఆ తర్వాతే నేను ఒకటి గమనించాను. గమనించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ట్యాంకర్ల మాట వచ్చినప్పుడు ఆ వాసన రాలేదు. యూనియన్ మాటప్పుడు రాలేదు. పొలం మాటప్పుడూ రాలేదు. సునీత పేరు ఎత్తినప్పుడే వచ్చేది.

ఇదేదో తేల్చుకుందామని ఒకరోజు అందరూ పొలం దాకా పోయినప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే నిలబడ్డాను. గోడ వైపు చూస్తూ, “సునీతనే చేపిచ్చిందేమో” అని పైకి అన్నాను. అనడానికే నోరు రాలేదు, అయినా అన్నాను.

వచ్చింది. డ్యూటీ దిగి తలుపు దగ్గర నిలబడినట్టు, అంత దగ్గరగా. నాకు భయం వేయలేదు, ఏడుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. “అనను తమ్మీ, ఇగ ఎప్పుడు అనను” అన్నాను. వాసన తగ్గిపోయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తమ్ముడి మీద బెంగతో దీనికి మతి తప్పిందంటారు.

తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం పొద్దున మా పుట్టింటి ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. ఆరోజే సునీత సంగతి తేల్చేస్తామన్నారు. మా పెదనాన్న వరసయ్యే కిష్టయ్య పెద్దమనిషి. సునీత లోపల తలుపు చాటున నిలబడింది. అప్పటికే ఎవరో ఆమె బట్టలు ఒక సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టారు.

మా ఆయన లేచి మొదలుపెట్టాడు. వకీలు మాట్లాడినట్టే మాట్లాడాడు. కిరాయికి ఉన్నవాడు చావు జరిగిన వారానికే గది ఎందుకు ఖాళీ చేశాడు? నర్సింలు ఏ దారిన, ఏ వేళకు పోతాడో ఇంట్లో మనిషి చెప్పకపోతే టిప్పర్ వాడికి ఎలా తెలుసు? ఒక్కో మాటకు జనం తల ఊపుతున్నారు. మా అమ్మ కూడా ఊపింది.

అప్పుడు వచ్చింది. ఇదివరకెప్పుడూ అంత ఘాటుగా రాలేదు. కిష్టయ్య పెదనాన్న తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న ఇద్దరు దగ్గుతూ లేచారు. మా పెద్దమ్మ కొంగు మూతికి చుట్టుకుంది. ఇన్నాళ్లూ కంపెనీ గాలే అన్నవాళ్లు ఆరోజు ఆ మాట అనలేదు.

అంతలో శ్రావణి లోపలి నుంచి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. పక్క సందులోంచి పెరట్లోకి పోయి, బకెట్‌లో నీళ్లు పట్టి, బండ మీద పెట్టింది. పక్కన సబ్బు పెట్టింది. మళ్లీ లోపలికి పోయింది. ఎవరూ దానికి చెప్పలేదు.

అక్కడున్న ఆడవాళ్లందరూ ఏడ్చారు. మగవాళ్లు తలలు వంచుకున్నారు.

మా ఆయన మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు. చెప్పే మాట మధ్యలో ఆగిపోయినందుకు చిరాకుగా చూశాడు.

“ఏందిది, గిట్ల లేస్తున్రు? ఏం వాసన? నాకేం వస్తలేదు. కూసోండ్రి, మాట పూర్తి కానియ్యుండ్రి” అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. అందరూ ఆయన వైపే చూశారు. కిష్టయ్య పెదనాన్న మరీ ఎక్కువసేపు చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఇగ చాలు యాదగిరీ. పిల్ల ఈడనే ఉంటది, దాని తల్లి ఈడనే ఉంటది” అన్నాడు.

మా అమ్మ గుమ్మం దగ్గరికి పోయి ఆ సంచిని లోపలికి నెట్టింది. “జెర నీళ్లియ్యి బిడ్డా” అని సునీతను అడిగింది. సునీత చెంబు ఇచ్చింది. మా అమ్మ గటగటా తాగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ వాసన రాలేదు. సునీత ఇప్పుడు ప్యాకింగులో పనిచేస్తోంది, శ్రావణి బడికి పోతోంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. నేనూ అలాగే అనుకున్నాను.

ఇదివరకు వాసన వచ్చినప్పుడు కూడా ఆయన నోట దాని మాట వినలేదని గుర్తొచ్చింది. ఆరోజు బీరంగూడ వచ్చాక ఆయనకు జలుబేమైనా చేసిందా అని చూశాను. లేదు. రాత్రి చారులో కావాలనే ఇంగువ కొంచెం ఎక్కువ వేశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టకముందే, “ఇంగువ జెర ఎక్కువైంది” అన్నాడు.

ఇంకో సంగతి. అంతవరకు లేచింది మొదలు నర్సింలు కేసు తప్ప వేరే మాట లేని మనిషి, ఆ ఆదివారం తర్వాత దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. స్టేషన్‌కు పోవడం లేదు. శ్రావణి ఫీజు ఆయనే కడుతున్నాడు, కానీ ఆ ఇంటి గుమ్మం తొక్కడం లేదు. రోడ్డు పక్క పొలం అమ్ముదామని ఆయన ఒకప్పుడు అడిగితే నర్సింలు ఒప్పుకోలేదు. అప్పుడు ఇద్దరూ కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. తర్వాత కలిసిపోయారు. బామ్మర్దులకు, బావలకు ఇలాంటివి ఏ ఇంట్లో ఉండవు?

చూశారా, నేనూ మొదలుపెట్టాను. సునీత ఏడవలేదని అన్నవాళ్లకూ నాకూ ఇప్పుడు తేడా ఏముంది? ఎస్సై దగ్గరికి పోయి ఏం చెప్పాలి? మా ఆయనకు వాసన రాలేదు, పట్టుకోండి అనాలా? ఉత్త అనుమానం ఒక మనిషిని ఏం చేస్తుందో కళ్లారా చూసినదాన్ని. పక్కన పడుకున్న మనిషి మీద అదే పెట్టుకుని బతుకుతున్నాను. అన్నం సహించడం లేదు.

ఆ వాసన ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో, అందరికీ తెలిసింది ఆయన ఒక్కడికే ఎందుకు తెలియలేదో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. దయ్యాలున్నాయని ఇప్పుడు కూడా అనలేను.

మొన్న ఆయన బయటికి పోయాక తలుపులు, కిటికీలు మూశాను. వంటింట్లో నిలబడి, “మా ఆయననే చేపిచ్చిండేమో తమ్మీ” అన్నాను. సునీత పేరు చెప్పినప్పుడు కాదని చెప్పడానికి వచ్చాడు కదా. నా కోసం కూడా వస్తాడని ఎదురుచూశాను. ఒకవేళ వాడు పెళ్ళాం కోసమే వచ్చాడేమో, అక్క కోసం రాడేమో అని కూడా అనుకున్నాను. అయినా రమ్మని బతిమాలాను.

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికిన వాసన తప్ప ఇంకే వాసనా రాలేదు. ఆయన వచ్చే వేళయిందని లేచి కంచాలు పెట్టాను.