అత్త పెట్టని చోట

మా మేనత్త పోయింది. దర్శి పక్క పల్లె నుంచి పొద్దున్నే మావయ్య ఫోన్ చేశాడు. "మీ అత్త పోయిందమ్మా" అన్నాడు. తర్వాత, "కల్లంలో కాయలున్నాయి, మబ్బు పట్టింది" అన్నాడు. మామూలు జ్వరమే అనుకున్నారట. వారం తిరక్కుండా మనిషే లేదు.

అత్త గురించి చెప్పాలంటే పులిజూదం గురించి చెప్పాలి. మీలో ఎంతమంది ఆడారో తెలీదు. మూడు పులులు, పదిహేను మేకలు. గీతలు కలిసే చోట మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టాలి. అన్నీ పెట్టేదాకా ఏ మేకనీ కదపకూడదు, పులులు మాత్రం మొదట్నుంచీ కదలొచ్చు. పక్కనున్న మేకకు అవతల ఖాళీ ఉంటే పులి దూకి దాన్ని తినేస్తుంది. పులులు కదలకుండా చుట్టేస్తే మేకలు గెలిచినట్టు. మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో కల్లం దగ్గర కాపలా కూర్చుని, చీమకుర్తి నల్ల రాతిముక్క మీద సుద్దతో గీసుకుని ఆడేవాళ్లం. చింతపిక్కలు పులులు, పత్తి గింజలు మేకలు.

మా ఇంట్లో పెద్దవాళ్లు మేకలు తీసుకుని, పిల్లలకి పులులిచ్చేవాళ్లు. మావయ్య అత్త కంటే పెద్దే అయినా ఆయనకీ పులులే. "ఓపిక లేని మనిషి, చంటిపిల్లాడితో సమానం" అనేది అత్త. ఆయన నవ్వేసి పులులు లాక్కునేవాడు.

అత్త మిరప ఘాటుకి తుమ్ముతూ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఆడేది. "ముందు మూలలు పట్టాలే. మూలనున్నదాని మీంచి పులి ఎక్కడికి దూకుద్ది?" అనేది. ఒంటరి మేకను చూస్తే ఆవిడకి ప్రాణం ఒప్పదు. "పులికి ఆకలి తెలిస్తే చాలు, మేకకి పక్క మేక తెలియాలి" అనేది. నేను విని తలూపేదాన్ని. నాకేం, నా చేతిలో పులులున్నాయి. మేకలాట నేర్పమని ఒక్కసారీ అడగలేదు, ఆవిడ ఎప్పటికీ ఉంటుందన్నట్టు.

నల్లతామర పురుగు పడి మిరపతోటంతా ముడుచుకుపోయిన ఏడు మావయ్య మంచం దిగలేదు, అన్నం ముట్టలేదు. అత్త ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. రాతిముక్క మంచం మీద పెట్టి, "ఇంద, నీ పులులు" అంది. సాయంత్రం దాకా ఆడారు. ఒక్కో మేకా పోతుంటే మావయ్య లేచి కూర్చున్నాడు, చివరికి కంచం అడిగాడు. "కావాలనే ఓడావా అత్తా?" అని చెవిలో అడిగాను. "ఓడితే ఏం పోయిందే? మనిషి లేచాడుగా" అంది. ఆరోజు ఆవిణ్ణి చూసి నాకు ఎంత గర్వమనిపించిందో!

పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లారు. మావయ్య కంచం తోసేశాడు. నాకు వేరే దారి తోచలేదు. రాయి తెచ్చి, గీతలు గీసి, చింతపిక్కలు ఆయన చేతిలో పెట్టాను. ఈసారి మేకలు నావి.

ఆయన పులులు పెట్టాక, ఒకదాని పక్కనే గింజ పెట్టాను. మావయ్య దాన్ని చాలాసేపు చూశాడు. అవతల ఖాళీగానే ఉంది. ఒక్క దూకు దూకితే చాలు.

"తినెయ్ మావయ్యా" అన్నాను.

"మీ అత్త అక్కడ పెట్టదమ్మా."

తీసి ఇంకో చోట పెట్టాను.

"అక్కడా పెట్టదు."

మళ్లీ తీశాను. ఎక్కడ పెట్టినా ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.