ఒక మెట్టు దించిన పాటలు

నాకు సామాన్ల పిచ్చి పట్టి, చేతికొచ్చిన వాయిద్యాన్ని చేజేతులా పోగొట్టుకున్నానని మా బ్యాండు వాళ్ళు చెప్పే కథ ఒకటుంది. ఎవరి గృహప్రవేశమైనా, ఆఫీసులో ఎవరి వీడ్కోలు భోజనమైనా ఆ కథ మళ్ళీ లేస్తుంది. "ఏడాదిన్నరలో మూడు బేస్ గిటార్లు మార్చింది, తీగలు కూరగాయల్లాగా వారం వారం కొన్నది, ఆ సందట్లో వాయించడమే మర్చిపోయింది" అని. అందరూ నవ్వుతారు. ఒకటి రెండుసార్లు నేనూ నవ్వాను. ఇక నవ్వను. మార్చింది నిజం, కొన్నది నిజం. పిచ్చి మాత్రం అబద్ధం. చలిజ్వరంతో వణికేవాడు దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటే వాడికి దుప్పట్ల పిచ్చి అంటారా ఎవరైనా?

బ్యాండంటే ముగ్గురమే. డ్రమ్స్ వాయించేవాడు నిజాంపేటలోనే పుట్టి పెరిగినవాడు. తాతల పొలం మీద లేచిన ఆరంతస్తుల లేడీస్ హాస్టల్ అతనిది. తీన్మార్ డప్పు నుంచి డ్రమ్స్‌కి వచ్చిన చెయ్యి. పాడుతూ గిటార్ వాయించేవాడు ప్రొద్దుటూరు మనిషి. హైటెక్ సిటీలో నేను పనిచేసే ఆఫీసే. వారమంతా కోడ్ రాస్తాడు, ఆదివారం మధ్యాహ్నం నుంచి జనానికి ప్లాట్లు చూపిస్తాడు. ఇద్దరూ నాకన్నా పదేళ్ళు చిన్న, ఇద్దరూ నన్ను అక్కా అనే పిలుస్తారు. మూడోదాన్ని నేను. యాభైకి రెండేళ్ళు తక్కువ, తెనాలి పక్క నోరు.

హాస్టల్ టెర్రస్ మీద రేకుల గదిలో ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టేవాళ్ళం. గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అతికించినా శబ్దం కిందికి దిగేది. ఎనిమిదికల్లా ఎవరో ఒక పిల్ల నైటీలోనే పైకొచ్చి "ఆంటీ, ఆదివారం కూడా పడుకోనివ్వరా?" అనేది. "ఆదివారం పడుకుంటే సోమవారం బుర్ర పనిచేయదు, పో" అనేదాన్ని. గాలి జీడిమెట్ల వైపు నుంచి తిరిగిన రోజు మందుల కంపెనీల వాసనకి కిటికీలు మూసుకుని, చెమటలు కారుతూ వాయించేవాళ్ళం. అంత సుఖం నాకు మరెక్కడా లేదు.

బేస్ నేర్చుకున్నవాళ్ళు సాధారణంగా అణకువగా ఉంటారు. నాలుగు లావుపాటి తీగలు, పాట కింద ఒదిగి ఉండే నాలుగు స్వరాలు. నాకది చేతకాలేదు. పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ దూరేదాన్ని. డ్రమ్ముల తమ్ముడు కర్రలు పక్కన పెట్టి మరీ తిట్టేవాడు.

"అక్కా, నీ నోట్ల ఎన్ని మాటలో నీ వేళ్ళల్ల గన్ని. జర పాటను ఊపిరి తీస్కోనియ్యి. బేసంటే పునాది. పునాది ఏడన్న డాన్సు చేస్తదా?"

"మీ హాస్టల్ పునాది చేస్తోందిగా! మూడో అంతస్తు గోడ పగులు చూడలేదా?"

"గది పగులు కాదక్కా, డిజైన్."

ప్రొద్దుటూరు మనిషి నవ్వు ఆపుకోలేక మైకు పక్కకి తిప్పుకునేవాడు. ఆఫీసులో నేను నోరు తెరిస్తే ఆ మాట నా పేరు మీద రాసి పెట్టుకుంటారు. ఇంట్లో మా ఆయనకి నా గొంతు ఫ్యాను చప్పుడుతో సమానం. మాటకి మాట తిరిగొచ్చే చోటు నాకు ఆ రేకుల గది ఒక్కటే. అందుకే చెబుతున్నాను, పోయింది వాయిద్యం ఒక్కటే కాదు.

మొదట జారింది ఎడమచేతి చిటికెనవేలు. కిందటేడు ఎండాకాలం మొదట్లో, నిద్రలో కూడా వాయించగలిగే వరుసలో, తీగ మీద నొక్కు చాలక స్వరం బదులు టక్‌మని చప్పుడొచ్చింది. తీగలు తుప్పు పట్టాయన్నాను. గరుకు తీగలు తీసేసి నున్నవి వేశాను, అవి వేలికి మెత్తగా ఉంటాయని. రెండు వారాలు బాగుంది, లేక బాగుందని అనుకున్నాను. మళ్ళీ జారింది. సన్నవి వేశాను. ఆ తర్వాత కూకట్‌పల్లిలో గిటార్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళి తీగల ఎత్తు తగ్గించమన్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు.

"ఇంకా దించితే తీగలు కర్ర మీదే పడుకుంటాయమ్మా. పలకవు, గురక పెడతాయి."

"పెడితే పెట్టనీండి."

పెట్టాయి. ఆదివారం ప్రతి స్వరానికీ ఒక గురక. ఇప్పటి ఫ్యాషన్ అదేనని వాళ్ళిద్దరికీ ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. కాదనడానికి నేను సందిస్తేగా!

తర్వాత కొన్నది పొట్టి మెడ బేస్. మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, వేళ్ళు అంత ఎడంగా చాపక్కర్లేదు. ఆ తర్వాత భుజానికి బరువు తక్కువని ఇంకోటి. ఆ మీదట, గట్టిగా కొట్టినా నెమ్మదిగా కొట్టినా శబ్దాన్ని ఒక్క మట్టానికి తెచ్చే, కాలి దగ్గర పెట్టుకునే పెడల్. కుడిచెయ్యి బాగానే మీటుతోంది కదా, ఎడమచెయ్యి చేసే ద్రోహం ఈ డబ్బా కప్పిపెడుతుందని ఆశ. కొన్న ప్రతిదానికీ ఒక వాదం తయారుచేసుకుని గదిలోకి వెళ్ళేదాన్ని. పొద్దున్నే క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చుని, ఒళ్ళో బ్యాగు కింద చెయ్యి దాచుకుని, నాలుగో వేలూ చిటికెనవేలూ ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి ప్రయత్నించేదాన్ని. విడిపోయేవి కావు. తల్లి కొంగు పట్టుకున్న పిల్లల్లా అంటిపెట్టుకుని ఉండేవి. వాటికి నేను చేసిన బతిమాలాట దేవుడికి కూడా చేసి ఎరగను.

ఆ రోజుల్లోనే పాటలు దించడం మొదలైంది. బోనాల ఆదివారమని గుర్తు, ఎందుకంటే కింద వీధిలో డప్పులు మా శబ్దాన్ని మింగేస్తున్నాయి. ప్రొద్దుటూరు మనిషి గొంతు పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ బి ఫ్లాట్ స్కేల్లో పాడల్యాకుండాండా. గొంతు పూర్తిగా పాయె. ఏ లోకి దించుకుందామా?"

శ్రుతి ఒక్క మెట్టు కిందికి, అంతే. వినేవాళ్ళకి పెద్దగా తేడా తెలియదు. బేస్ వాయించేవాళ్ళకి మాత్రం భూమ్యాకాశాల తేడా. బి ఫ్లాట్లో పాడితే ప్రతి ముఖ్యమైన స్వరానికీ ఎడమచేత్తో తీగ నొక్కిపట్టాలి. ఏ లో అయితే ఆ ముఖ్యమైన స్వరాలు మూడూ వేలు పెట్టకుండా వదిలేసిన తీగల్లోనే ఉంటాయి. కుడిచేత్తో మీటితే చాలు. ఎడమచెయ్యి ఊరికే మెడ మీద వేసి ఉంచినా పాట నడిచిపోతుంది.

నేను వాదించకుండా ఉంటానా? దించితే పాట చచ్చిపోతుందన్నాను, ప్లాట్ల బేరాలకి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నావన్నాను. లోపల మాత్రం మనసు మొక్కులు మొక్కుతోంది. ఒకరి గొంతు పోవడం నాకు వరమైంది. ఆ సిగ్గుకి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం వేసి కషాయం కాచి ఫ్లాస్కులో పోసుకెళ్ళాను. ప్రతి ఆదివారం తీసుకెళ్ళాను. అతను కళ్ళు మూసుకుని తాగేవాడు.

స్వరాలు తగ్గించాను. వదిలేసిన తీగలే మీటుతూ, పాట కింద ఒదిగి, అందరూ చెప్పే ఆ అణకువలోకి దిగిపోయాను. ఒకనాడు డ్రమ్ముల తమ్ముడు కర్రలు ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. "ఇగ ఇప్పుడు వాయిస్తున్నవక్కా నువ్వు."

ఆరేళ్ళలో అతని నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు. చెంపమీద కొట్టినట్టయింది. అప్పటినుంచి అతను నన్ను ఏమీ అనడం మానేశాడు. ఏం వాయించినా, ఎన్ని తప్పులు పోయినా, ఏమీ అనడు. నేనది గెలుపనుకున్నాను.

ఫిబ్రవరిలో ఆఫీసుకి బయల్దేరుతూ చొక్కా బొత్తాం పెట్టుకోలేక గుమ్మం దగ్గర నిలబడిపోయాను. మా ఆయన వచ్చి పెట్టి, నా చెయ్యి వదలకుండా పట్టుకుని చూశాడు.

"ఇక్కడ కండ ఏమైందే?"

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉబ్బెత్తుగా ఉండాల్సిన చోట గుంట. చెంచా పెట్టి తవ్వినట్టుంది.

ఆసుపత్రిలో మోచేతికి తీగలు తగిలించి చిన్న చిన్న షాకులు కొట్టారు. మోచేతి మలుపులో నరం నలిగిపోతోందట. పాతికేళ్ళు మీటింగుల్లో మోచెయ్యి బల్లకి ఆనించి, అరచేతిలో గడ్డం పెట్టుకుని ఎదుటివాళ్ళ తెలివితక్కువతనం విన్నందుకు నాకు దక్కిన జీతం. డాక్టరమ్మ నాకన్నా చిన్నది. వెంటనే ఆపరేషన్ అంది.

"మార్చిలో ప్రోగ్రాం ఉంది. అది అయ్యాక చేయించుకుంటాను."

"ఏం వాయిస్తారు?"

"గిటారే. నాలుగు తీగలది."

"ఆరు కాదుగా, రెండు తక్కువేగా" అంది, నన్ను ఓదార్చాలని. తర్వాత కాగితం మీంచి తలెత్తకుండా ఇంకో మాట అంది. "ఒక ఆరు నెలల ముందు వచ్చి ఉంటే కండ చాలావరకు నిలిచేదండి. ఇప్పుడు ఎంత తిరిగొస్తుందో చెప్పలేను."

ఆరు నెలలు నేనేం చేశాను? తీగలు కొన్నాను.

వాళ్ళిద్దరికీ చెప్పలేదు. చెబితే వేరేవాళ్ళని చూసుకుంటారు. మార్చిలో మా ఆఫీసు క్యాంపస్ నడిమధ్య మెట్ల మీద, మధ్యాహ్నం భోజనాల వేళ, ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ జనం ముందు వాయించాం. పొడుగు చేతుల కుర్తా వేసుకున్నాను. ఆఖరి పాటలో ఒక్కచోట బేస్ ఒంటరిగా ఎనిమిది స్వరాలు ఎక్కాలి, అన్నీ నొక్కాల్సినవే. మూడో స్వరం దగ్గర వేళ్ళు మడిచిన కాగితంలా కూలిపోయాయి. సరిగ్గా అక్కడ, రిహార్సల్‌లో ఎన్నడూ లేనిది, డ్రమ్ముల తమ్ముడు దరువు మీద దరువేసి ఆ ఖాళీని నింపేశాడు. జనం ఈలలు వేశారు. అదృష్టమనుకున్నాను. ఎంత అమాయకురాల్ని!

ఏప్రిల్‌లో ఆపరేషన్ అయింది. మూడు నెలలు రబ్బరు ముద్ద పిసికాను. నాలుగో వేలు కాస్త వచ్చింది. చిటికెనవేలు ఇప్పటికీ పక్కకి ఒరిగి, నాకు సంబంధం లేదన్నట్టు చూస్తుంది. ఆ గుంట పూడలేదు.

ఇక వాయించలేనని తేలాక, నా బేస్ శబ్దం పెంచే ఆంప్ పెట్టె తెచ్చుకుందామని మొన్న వానల్లో ఆ రేకుల గదికి వెళ్ళాను. లిఫ్టు పనిచేయడం లేదు. ఐదో అంతస్తు మెట్ల మీద ఉండగానే పాట వినపడింది. పాత స్కేల్లో, బి ఫ్లాట్లో. బి ఫ్లాట్ నాకు చెవితో కాదు, చిటికెనవేలితో తెలుసు. అది గుర్తుపట్టి నొక్కబోయింది. పైన ప్రొద్దుటూరు మనిషి గొంతు ఖణీమని మోగుతోంది.

తలుపు తోశాను. ఆగిపోయారు.

"గొంతు వచ్చేసిందే!"

"నీ కషాయమేలే అక్కా. పన్జేసినాది."

నవ్వాను. ఆంప్ మీద పెట్టుకున్న నీళ్ళ సీసాలు తీసి, దాన్ని ఒంటిచేత్తో పక్కకి జరిపాను. వెనక గోడకి, నాకెప్పుడూ కనపడని చోట, ఒక పాటల జాబితా అంటించి ఉంది. ప్రతి పాట పక్కనా పాత స్కేల్ ఎర్రసిరాతో కొట్టేసి కొత్తది రాశారు. బి ఫ్లాట్ కొట్టేసి ఏ. ఇ ఫ్లాట్ కొట్టేసి డి. ఎఫ్ కొట్టేసి ఇ. అన్నీ ఒక మెట్టు కిందికి. మెట్రో మీద మేమే కట్టుకున్న పాట ఒక్కటి మాత్రం ఏ ఫ్లాట్ కొట్టేసి ఏ. అంటే ఒక మెట్టు పైకి. ఆ కొత్త స్కేళ్ళన్నీ వదిలేసిన తీగలవే. జాబితాలో ఉన్న ఒక పాట మేం దసరాకి ముందే మానేశాం. అంటే ఆ కాగితం నేను డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఎన్నో నెలల ముందుది.

"గొంతు పోయిన మనిషివి, మెట్రో పాట పైకెందుకు ఎత్తావు?" అన్నాను.

అతను గిటార్ శ్రుతి చేసుకుంటున్నట్టు తల వంచాడు. "అట్లయితే బాగుంటాదని..."

"ఎవరికి?"

డ్రమ్ముల తమ్ముడి వైపు తిరిగాను. ఆరేళ్ళపాటు నా ఒక్క మాటని కూడా కింద పడనివ్వని మనిషి.

"అక్కా, చాయ్ తాగుతవా?" అన్నాడు.

ఆంప్ అక్కడే వదిలేసి దిగి వచ్చేశాను. ఆ సామాన్ల పిచ్చి కథ కూడా నా చేతి సంగతి పదిమందిలో బయటపడకుండా వాళ్ళు కప్పిన దుప్పటేనేమోనని ఇప్పుడు అనుమానం. అడిగితే మళ్ళీ చాయ్ అంటాడు.

వాళ్ళది మంచితనమేనని మా ఆయన అంటాడు. కాదని నేను అనను. కానీ బోనాల నుంచి ఫిబ్రవరి వరకు లెక్కపెట్టుకోండి. ఆ డాక్టరమ్మ అడిగిన ఆరు నెలలూ అందులో ఉన్నాయి, ఇంకా మిగులుతాయి కూడా. "అక్కా, నీ చేతికి ఏందో అయింది, దవాఖానకు పో" అని ఆరోజే ఒక్క మాట అనుంటే? అనుంటే నేనేం అనేదాన్నో నాకూ తెలుసు. నా చెయ్యి సంగతి తర్వాత, ముందు నీ తాళం సరిచూసుకో అనేదాన్ని. ఇంకా చెడ్డ మాటే అనేదాన్నేమో. అయినా అనాలి. నన్ను తిట్టడానికి ఏనాడూ వెనకాడనివాళ్ళు, తిట్టాల్సిన ఆ ఒక్క రోజు పెద్దమనుషులైపోయారు.

ఆ బోనాల ఆదివారం, కింద డప్పులు మోగుతుంటే, నేను పైకి రాకముందే మీరిద్దరూ ఆ కాగితం ముందేసుకుని స్కేళ్ళు ఒక్కొక్కటే కొట్టేసి రాసుకున్నప్పుడు, మీరు భయపడింది నా చెయ్యి పోతుందనా, నా నోరు లేస్తుందనా?