దూలం కింద అత్త

ఇల్లు బాడుగకు ఇవ్వడం గురించి నాకు తెలిసిందంతా ఎమ్మిగనూరులో మా మేనత్త దగ్గర నేర్చుకున్నదే. ఆమె నేర్పిందని కూడా అనలేను. ఊరికే కూర్చుంది, నేను చూశాను.

అత్తకు అక్కడ పాత మట్టిమిద్దె ఒకటి ఉండేది. అందులో ఒక నేతాయన భార్యతో కలిసి బాడుగకు ఉండేవాడు. నడింట్లో గుంట తవ్వుకుని మగ్గం పెట్టుకున్నాడు. ఒక వానాకాలం ముసురు పట్టి మిద్దె మీది మన్నంతా నానింది. సరిగ్గా మగ్గం మీదుగా పోయే దూలం చీలింది. ఏం చేయాలో చూడమని అత్త నన్ను ఆదోని నుంచి పిలిపించింది.

పైకి చూసి రెండడుగులు వెనక్కి వేశాను. "ఈరోజే ఖాళీ చేయించు అత్తా. ఏమన్నా అయితే నీ మెడకే చుట్టుకుంటుంది" అన్నాను.

నేతాయన మగ్గం గుంటలోంచి లేవలేదు. "ఇంగొక చీర పడుగుందమ్మా. ఇప్పుడు ఇప్పితే పోగులన్నీ సిక్కుపడి పాడైపోతాయి. నూలిచ్చినాయన మళ్లీ నన్ను గడప తొక్కనీడు" అన్నాడు. ఆ చీర పోతే ఆయన బతుకుదెరువే పోతుంది.

అత్త నా వైపు తిరిగింది. "పడుగు మగ్గం మింద ఉండంగా నేసేటోన్ని లెయ్యమనేది మా ఊర్లో లేదప్పా."

నాకు ఒళ్లు మండింది. మీ ఊరి ఆచారం దూలానికి తెలుసా అని గొణిగాను. ఆమె వినిపించుకోలేదు. బేల్దారి మేస్త్రీని పిలిచి దూలం కింద గుంజలు నిలబెట్టించింది. మిద్దె మీది తడిమన్ను తీయించి బరువు తగ్గించింది. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత చాప తెచ్చి, సరిగ్గా చీలిక కిందనే పరుచుకుని కూర్చుంది.

"నువ్వెందుకమ్మా ఈడ? లెయ్యి" అని నేతాయన బతిమాలాడు.

"దూలం నాది గదన్నా. పడితే నా నెత్తిన గూడా పడల్ల. నువ్వు నెయ్యి."

చీర అయ్యేదాకా పగలంతా అక్కడే. అక్కడే తింది, అక్కడే చెనక్కాయలు ఒలిచింది, అక్కడే నాతో పోట్లాడింది. కట్టె కిర్రుమంటే నేను గడప దాటేవాణ్ని. ఆమె ఒకసారి తలెత్తి చూసి మళ్లీ కాయలు ఒలుచుకునేది. ఆమె కూర్చున్నందుకే మేస్త్రీ పిలవకుండానే వచ్చి గుంజలు సరిచూసి పోయేవాడు. ఇంత చిన్న మనిషిలో అంత ధైర్యం ఎక్కడుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చీర కోసి, మగ్గం విప్పి బయట పెట్టారు. మేస్త్రీ అందరినీ వీధిలోకి పంపి, గుంజలకు తాడు కట్టి లాగించాడు. దూలం రెండు ముక్కలై మగ్గం గుంటలో పడింది. దుమ్ము అణిగాక అత్త లోపలికి తొంగిచూసి, "అయ్యో, చాప మర్సిపోయినానే" అంది.

ఇప్పుడు ఆదోనిలో నాకూ రెండు బాడుగ ఇళ్లున్నాయి. మొన్నటి వానలకు ఒకాయన ఫోన్ చేశాడు. "స్లాబు పెచ్చులు ఊడుతాండాయన్నా. పిల్లోళ్ల మంచం మింద పడుతాండాయి."

ఆదివారం వస్తానని పెట్టేశాను. కానీ కుదురుగా కూర్చోలేకపోయాను. వెంటనే పోయి, ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూశాను. మేస్త్రీకి అక్కణ్నుంచే ఫోన్ చేశాను. అతను వచ్చేదాకా లేవలేదు.